పలికిన మాట - చేరిన మాట

మానవుడు సంఘజీవి. ఆకలి వేసిన పసిబిడ్డ ఏడ్పు మొదలుకొని శాసనసభలో మంత్రి చదివే ఆదాయ వ్యయ పత్రం వరకు, మన జీవితమంతా ఒకరి మనస్సులోని భావాన్ని మరొకరి మనస్సుకు అందించే ప్రయత్నమే. దీనినే మనం భావవినిమయం అంటున్నాము. ఊపిరి పీల్చటం ఎంత సహజమో మాట్లాడటం కూడ అంత సహజమని తలచి, దానిని గూర్చి మనం ప్రత్యేకంగా ఆలోచించము. ఊపిరి ఆడనప్పుడు గాని ఊపిరితిత్తులు గుర్తుకు రానట్లు, మాట చేరనప్పుడు గాని మాట యొక్క స్వరూపం గుర్తుకు రాదు.

నాకది గుర్తుకు వచ్చిన సందర్భం ఒకటి ఉన్నది. దానిని మొదట మనవి చేసి, తరువాత శాస్త్ర విషయానికి వస్తాను.

ఒక చిన్న మాట

అది నేను విద్యార్థిగా ఉన్ననాటి సంగతి. నా గదిలో ఉండే మిత్రుని మాతృభాష ఉర్దూ, నాది తెలుగు. పరీక్ష రుసుము చెల్లించవలసిన రోజులలో అతడు జ్వరంతో మంచం పట్టాడు. నా రుసుము అంతకు ముందే కట్టి ఉన్నాను. అతని కోసం గడువు తెలుసుకొని రావటానికి కార్యాలయానికి వెళ్ళాను. కిటికీ వద్ద ఎవరూ లేరు. లోపల గుమాస్తాగారు ఆనాటి నగదు లెక్కపెడుతున్నారు. "ఆఖరీ తారీఖు ఎప్పుడండీ?" అని అడిగాను. ఆయన తల ఎత్తకుండానే "కల్" అన్నారు.

ఉర్దూలో 'కల్' అంటే రేపు. నిన్న కూడ 'కల్' అనే అంటారు. ఆ సంగతి నాకు తెలియకపోలేదు. కాని కిటికీ వద్ద జనం లేకపోవటం చూసి, గడువు ముగిసిపోయిందని నా మనస్సు ముందే తీర్మానించుకున్నది. గదికి వచ్చి "నిన్ననే అయిపోయిందట" అని మిత్రునికి చెప్పాను. అతడు గోడ వైపు తిరిగి పడుకున్నాడు. మూడు రోజుల తరువాత జ్వరం తగ్గి స్వయంగా వెళితే, నేను అడిగిన మరునాడే ఆఖరు తేదీ అని తెలిసింది. ఇక అపరాధ రుసుముతో కట్టక తప్పలేదు. ఆ అదనపు సొమ్ము, బీడీలు చుట్టే అతని తల్లికి వారం రోజుల కూలి.

గుమాస్తాగారు అబద్ధం చెప్పలేదు. నేను చెవిటివాడను కాను. నా మిత్రుడు అజాగ్రత్తగా ఉండలేదు. అయినా మాట దారిలో జారిపోయింది. ఎక్కడ జారిపోయినట్లు? ఈ ప్రశ్నకు సమాధానం వెదుకుతూ పోతే భావవినిమయ శాస్త్రంలోని మూల సూత్రాలన్నీ ఒక్కొక్కటిగా ఎదురవుతాయి.

సందేశపు ప్రయాణం

అమెరికాలోని బెల్ టెలిఫోన్ ప్రయోగశాలలో పనిచేసిన క్లాడ్ షానన్ అనే గణితవేత్త 1948లో ఒక ప్రసిద్ధమైన వ్యాసం ప్రకటించాడు. సందేశం ఒకచోట పుడుతుంది. దానిని ప్రేషక యంత్రం సంకేతాలుగా మారుస్తుంది. ఆ సంకేతాలు ఒక మార్గం గుండా ప్రయాణిస్తాయి. గ్రాహక యంత్రం వాటిని తిరిగి సందేశంగా మార్చి గమ్యానికి అందిస్తుంది. మార్గమధ్యంలో కలిసే అవాంతరానికి షానన్ 'రొద' అని పేరు పెట్టాడు. టెలిఫోను తీగలోని గరగర శబ్దం రొద. తరగతి గది ప్రక్కన వెళ్ళే లారీ మ్రోత రొద. వినేవాని మనస్సులోని తొందరపాటు కూడ ఒక విధమైన రొదయే అని తరువాతివారు ఈ భావాన్ని విస్తరించారు.

షానన్ చూపిన మరొక విషయం మనకు చాల ముఖ్యం. మామూలు ఇంగ్లీషు రచనలో సుమారు సగం భాగం పునరుక్తి అని అతడు అంచనా వేశాడు. అనగా కొన్ని అక్షరాలు చెరిగిపోయినా మిగిలినవాటిని బట్టి వాటిని ఊహించవచ్చునన్నమాట. సాహిత్యంలో పునరుక్తి దోషం. భావవినిమయంలో అది కాపలాదారు. రొద ఎంత ఎక్కువగా ఉంటే పునరుక్తి అంత అవసరం. 2013లో మన దేశంలో నిలిచిపోయిన తంతి సేవను ఎరిగిన పెద్దలకు ఇది అనుభవమే. మాటకింత అని రుసుము గనుక జనం మాటలు తగ్గించి తంతి ఇచ్చేవారు. తగ్గించిన కొద్దీ అర్థం అనుమానాస్పదమయ్యేది.

మా గుమాస్తాగారు నాకిచ్చినది కూడ ఒక తంతియే. ఉర్దూ వాక్యంలో 'కల్' నిన్నయా, రేపా అనేది క్రియాపదం తేల్చి చెబుతుంది. చివర 'హై' ఉన్నదా, 'థీ' ఉన్నదా అన్నదానితో సంశయం తీరిపోతుంది. ఆయన ఆ చిన్న క్రియను విడిచిపెట్టారు. దానితో కాపలాదారు వెళ్ళిపోయాడు.

అయితే షానన్ సిద్ధాంతానికి ఒక హద్దు ఉన్నది. సందేశం యొక్క అర్థంతో తన ఇంజనీరింగు సమస్యకు సంబంధం లేదని అతడే స్పష్టంగా వ్రాశాడు. అతని లెక్క ప్రకారం 'కల్' అనే శబ్దం నా చెవికి చెక్కుచెదరకుండా చేరింది. చేరనిది అర్థం. ఆ అర్థాన్ని గూర్చి మరొక అమెరికను పండితుడు విల్బర్ ష్రామ్ 1954లో ఒక సులభమైన చిత్రం గీశాడు. చెప్పేవాని అనుభవం ఒక వలయం. వినేవాని అనుభవం మరొక వలయం. ఆ రెండు వలయాలు ఎంతమేర ఒకదానిపై ఒకటి కమ్ముకొంటాయో, అంతమేరకే ఒకరి మాట మరొకరికి అర్థమవుతుంది. పట్టణాన్ని ఎన్నడూ చూడని తాతగారికి లిఫ్టును గూర్చి చెప్పబోయిన మనుమనికి ఈ సిద్ధాంతం వేరుగా బోధించనవసరం లేదు.

సందర్భమే దీపం

ఇవన్నీ పాశ్చాత్యులు కొత్తగా కనిపెట్టిన విషయాలని అనుకోరాదు. వాక్యార్థం తెలియటానికి మూడు నియమాలు అవసరమని మన శాస్త్రకారులు ఎన్నడో చెప్పారు. అవి ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి. ఒక పదం మరొక పదాన్ని కోరటం ఆకాంక్ష. పదాల అర్థాలు ఒకదానితో ఒకటి పొసగటం యోగ్యత. నిప్పుతో తడిపాడన్న మాటకు ఆ యోగ్యత లేదు. పదాలను ఆలస్యం లేకుండా ఒకదాని వెంట ఒకటి పలకటం సన్నిధి. ఉదయం ఒక పదం, సాయంత్రం ఒక పదం పలికితే అది వాక్యం కాదు. గుమాస్తాగారి 'కల్' ఒక క్రియను కోరుతూ మధ్యలో నిలిచిపోయింది. అనగా ఆకాంక్ష తీరలేదు.

ఇంకొక ఉదాహరణ సంస్కృత విద్యార్థులకు సుపరిచితం. 'సైంధవ' శబ్దానికి ఉప్పు అని, గుర్రం అని రెండర్థాలు. భోజనానికి కూర్చున్న యజమాని 'సైంధవం తీసుకొని రా' అంటే ఉప్పు తేవాలి. ప్రయాణానికి సిద్ధమై నిలబడి అంటే గుర్రాన్ని తేవాలి. శబ్దం ఒక్కటే. అర్థాన్ని చూపే దీపం సందర్భం.

ఉర్దూ విద్యార్థులు తమ అలంకార శాస్త్రంలో చదువుకొనే 'బలాగత్' కూడ ఈ మాటే చెబుతుంది. మాట నిర్దుష్టంగా ఉంటూ 'ముక్తజా-ఎ-హాల్'కు, అనగా సందర్భం కోరేదానికి, తగినట్లు ఉండటమే బలాగత్ అని అరబ్బీ ఆలంకారికులు నిర్వచించారు. 1338లో మరణించిన ఖతీబ్ అల్ ఖజ్వీనీ గ్రంథం ద్వారా ఈ నిర్వచనం పాఠశాలలన్నిటా వ్యాపించింది. ఆ శబ్దం పుట్టుక ఇంకా ముచ్చటైనది. దాని అరబ్బీ ధాతువుకు 'చేరుట' అని అర్థం. ఆ ధాతువు నుండే 'ఇబ్లాగ్' అనే మాట కూడ వచ్చింది. ఉర్దూలో భావవినిమయాన్ని ఆ పేరుతోనే పిలుస్తారు. ఇబ్లాగ్ అంటే చేర్చటం. తెలుగువారు వాడే వినిమయమంటే ఇచ్చిపుచ్చుకోవటం. ఒక భాష చేరాలన్నది. మరొక భాష తిరిగి రావాలన్నది. ఈ రెండు మాటలను ప్రక్కప్రక్కన పెట్టుకుంటే మన విషయం సగం తెలిసినట్లే.

భాష అనే అచ్చు

భావం మనస్సులో నీటివలె ఉంటుంది. భాష దానికి ఒక అచ్చు. అచ్చును బట్టి ఆకారం మారుతుంది. తెలుగులో 'మేము', 'మనము' అని రెండు సర్వనామాలున్నాయి. వినేవానిని కలుపుకుంటే మనము, విడిచిపెడితే మేము. ఉర్దూలో ఈ రెండింటికీ 'హమ్' అన్న మాట ఒక్కటే. ఉర్దూ మాతృభాషగా గల విద్యార్థి సభలో నిలబడి 'హమారా కాలేజ్' అనే భావంతో "ఇది మా కళాశాల" అంటాడు. అతని మనస్సులో అందరూ ఉన్నారు. కాని ఎదుట కూర్చున్న తెలుగు విద్యార్థికి తలుపు మూసినట్లు వినిపిస్తుంది. "మన కళాశాల" అని ఉంటే తలుపు తెరుచుకునేది. ఒక్క అక్షరపు తేడాలో ఇంత ఉన్నది.

తెలుగు విద్యార్థి ఉర్దూ మాట్లాడబోయినప్పుడు ఇటువంటి చిక్కే అటువైపు నుండి వస్తుంది. 'తూ', 'తుమ్', 'ఆప్' అనే మూడు మెట్లలో ఎవరి ముందు ఏ మెట్టుపై నిలబడాలో తెలియక, పెద్దల ముందు చనువు మాట జారుతుంది. 'వస్తాను' అని ఆడా మగా ఒకే విధంగా చెప్పే తెలుగు నాలుక, ఉర్దూలో 'ఆతా హూ', 'ఆతీ హూ' అనే భేదం దగ్గర తడబడుతుంది. వినేవారు నవ్వుతారు. నవ్వు భయంతో మరునాటి నుండి అతడు మాట్లాడటమే మానుకుంటాడు. భాషలో జరిగే అతి పెద్ద నష్టం తప్పు మాట్లాడటం కాదు, మాట్లాడటం మానివేయటం.

ఇక రెండు భాషలకూ ఉమ్మడియైన మాటలు మరీ జాగ్రత్తగా ఉండవలసినవి. కలం, కాగితం, హాజరు, జవాబు, ఖర్చు, దుకాణం, తారీఖు వంటి మాటలు తెలుగులో ఇంటి మాటలైపోయాయి. అవి మన రెండు వలయాలు కమ్ముకొన్న చోటు. కాని 'సవాలు' అనే మాటను చూడండి. ఉర్దూలో సవాల్ అంటే ప్రశ్న. తెలుగులోకి వచ్చి అది పోటీకి పిలిచే మాట అయింది. ఉర్దూ మిత్రుడు వినయంగా "నాది ఒక సవాలు" అంటే, తెలుగు మిత్రుడు భుజాలు సర్దుకొని యుద్ధానికి లేస్తాడు! ఎరిగిన మాట అనుకున్నప్పుడు మనం అర్థం అడగము. అందువల్ల తెలియని మాట కంటె తెలిసినట్లుండే మాటతోనే ప్రమాదమెక్కువ.

ఈ రెండు భాషల సాహచర్యం మనతో మొదలైనది కాదు. 1550 నుండి 1580 వరకు గోలకొండను పాలించిన ఇబ్రహీం కుతుబ్ షా తెలుగు కవులను ఆదరించాడు. మల్కిభరాముడని కవులు ఆయనను కీర్తించారు. అచ్చ తెలుగులో వెలసిన తొలి కావ్యం 'యయాతి చరిత్ర'ను పొన్నెగంటి తెలగనార్యుడు అమీన్‌ఖానుకు అంకితమిచ్చాడు. మాట చేరితే ఎంత దూరం చేరగలదో దీనిని బట్టి గ్రహించవచ్చును.

పలకని మాటలు

నోటితో పలికేది సందేశంలో ఒక భాగం మాత్రమే. కంఠస్వరం, ముఖకవళికలు, చేతుల కదలిక, నిలబడిన తీరు, చివరకు మౌనం కూడ మాట్లాడుతాయి. "చాల బాగా వ్రాశావు" అన్న ఒక్క వాక్యాన్ని మెచ్చుకోలుగా పలకవచ్చు, ఎత్తిపొడుపుగా పలకవచ్చు. మౌనం అర్ధాంగీకారమని సామెత. కాని తరగతిలో "అర్థమైందా?" అని అధ్యాపకుడు అడిగినప్పుడు ఏర్పడే మౌనం ఎప్పుడూ అంగీకారం కాదు. అది భయం కావచ్చు, బిడియం కావచ్చు, పాఠం చెబుతున్న భాషే అందకపోవటం కావచ్చు.

ప్రతి మాధ్యమమూ ఈ పలకని మాటలలో కొన్నింటిని మింగివేస్తుంది. టెలిఫోనులో ముఖం పోతుంది. ఉత్తరంలో ముఖంతో పాటు స్వరమూ పోతుంది. నేడు సెల్‌ఫోనులో పంపే రెండక్షరాల 'సరే'లో చెప్పినవాని మనస్సు ఏమాత్రం కనిపించదు. చదివేవాడు ఆ ఖాళీని తన భయంతోనో తన కోపంతోనో నింపుకుంటాడు. నేను గుమాస్తాగారి మాటలోని ఖాళీని నా ఊహతో నింపుకున్నాను గదా!

తిరిగి వచ్చే మాట

నా మిత్రునికి పోయినది కొద్దిపాటి సొమ్ము. ఇటువంటి ఖాళీలే కొన్ని ఒకచోట చేరితే ఎంత అనర్థం సంభవిస్తుందో 1977 మార్చి 27న లోకానికి తెలిసింది. ఆ రోజున స్పెయిను దేశానికి చెందిన కానరీ దీవులలో ఒక విమానాశ్రయంలో బాంబు ప్రేలటం వల్ల, అనేక విమానాలను ప్రక్కనున్న టెనరీఫ్ దీవిలోని చిన్న విమానాశ్రయానికి మళ్ళించారు. తిరిగి బయలుదేరే వేళకు దట్టమైన పొగమంచు క్రమ్మింది. ఒక డచ్చి విమానం, ఒక అమెరికను విమానం ఒకే రన్‌వేపై ఉన్నాయి. డచ్చి విమానం నుండి సహచాలకుడు, తాము టేకాఫ్ వద్ద ఉన్నామనే అర్థం వచ్చేటట్లు ఇంగ్లీషులో రేడియో ద్వారా చెప్పాడు. అప్పటికే ఆ విమానం పరుగు ప్రారంభించింది. స్పానిష్ మాతృభాషగా గల నియంత్రణాధికారి, అది బయలుదేరటానికి సిద్ధంగా నిలిచి ఉన్నదని అర్థం చేసుకొని "ఓకే" అన్నాడు. ఆ వెంటనే, ఆగి ఉండమని, తాను పిలుస్తానని చెప్పాడు. సరిగ్గా ఆ క్షణానే అమెరికను విమానం కూడ తాము ఇంకా రన్‌వే మీదనే ఉన్నామని తెలియజేసింది. రెండు ప్రసారాలు ఢీకొని, డచ్చి విమానంలో ఒక కీచుధ్వని మాత్రం వినిపించింది.

అప్పటికీ ఒక అవకాశం మిగిలి ఉన్నది. డచ్చి విమానంలోని ఇంజనీరుకు అనుమానం కలిగి, ఎదుటి విమానం తప్పుకోలేదా అని అడిగాడు. అనుభవజ్ఞుడైన ప్రధాన చాలకుడు తప్పుకున్నదని గట్టిగా చెప్పాడు. ఆ గట్టి మాట ముందు అనుమానం నోరు మూసుకున్నది. కొన్ని క్షణాలలో రెండు విమానాలు ఢీకొన్నాయి. 583 మంది మరణించారు.

పరభాష, అస్పష్టమైన పదం, మార్గంలోని రొద, ముందే చేసుకున్న తీర్మానం, పెద్దవాని మాటకు ఎదురు అడగలేని సంకోచం. మనం ఇంతవరకు విడివిడిగా చెప్పుకున్నవన్నీ అక్కడ ఒకేసారి కలిశాయి. ఆ దుర్ఘటన తరువాత విమానయాన రంగంలో మాటల నియమాలను కట్టుదిట్టం చేశారు. టేకాఫ్ అనే పదాన్ని అందుకు అనుమతి ఇచ్చేటప్పుడు లేదా ఆ అనుమతిని రద్దు చేసేటప్పుడు తప్ప వాడరాదు. ముఖ్యమైన ఆజ్ఞను విన్నవాడు ఊరికే 'ఓకే' అంటే చాలదు. తాను విన్నదానిని తిరిగి చెప్పాలి. అదే వినిమయం. మాట వెళ్ళి తిరిగి వచ్చినప్పుడే అది చేరినట్లు లెక్క.

మన కర్తవ్యం

విద్యార్థి మిత్రులారా! దీని నుండి మనం నేర్చుకొని ఆచరణలో పెట్టదగినవి కొన్ని ఉన్నాయి. చెప్పేటప్పుడు వాక్యం పూర్తి చేయండి. తేదీని నిన్న, రేపు అని గాక అంకెలలోను, వారం పేరుతోను చెప్పండి. వినేటప్పుడు మీ ఊహను కాసేపు ప్రక్కన పెట్టండి. విన్న ముఖ్య విషయాన్ని మీ మాటలలో తిరిగి చెప్పి సరిచూసుకోండి. తెలియని మాటకు అర్థం అడగటం అవమానం కాదు. అడిగినవానిని చూచి నవ్వటం అవమానం.

కళాశాల పాలక సంఘంవారికి కూడ ఒక మనవి. రుసుములు, ఉపకార వేతనాలు, పరీక్షలకు సంబంధించిన ప్రతి ప్రకటనా ఉర్దూ, తెలుగు భాషలు రెండింటిలోను, ఒకే కాగితం మీద, ఒకే రోజున వెలువడేటట్లు చూడవలెను. ఒక భాషలో వ్రాసినవారు, రెండవ భాషలో చదివే విద్యార్థి నొకనిని పిలిచి, "నీకేమి అర్థమైందో చెప్పు" అని అడిగిన తరువాతనే దానిని గోడకు అంటించవలెను. దీనికయ్యే ఖర్చు కొద్ది నిమిషాల కాలం. దీనివల్ల మిగిలేది ఏదో ఒక ఇంటి వారం రోజుల కూలి.

మీ చేతిలో ఉన్న ఈ సంచికనే చూడండి. ఉర్దూ పుటలు కుడి అట్ట నుండి ప్రారంభమై లోపలికి వస్తాయి. తెలుగు పుటలు ఎడమ అట్ట నుండి. రెండూ నడుమ ఒకచోట కలుస్తాయి. మనలో చాలమంది తమ వైపు పుటలు చదివి, ఆ నడిమి పుట వద్ద పుస్తకం మూసివేస్తారు. ఈసారి అలా చేయవద్దని నా ప్రార్థన. అవతలి వైపు పుటలలో ఒక్కదానినైనా మిత్రుని ప్రక్కన కూర్చొని చదివించుకోండి. మీ వైపు నుండి ఒకదానిని అతనికి వినిపించండి.

నా మిత్రుడు ఆనాటి సంగతి ఎన్నడూ ఎత్తి చూపలేదు. చాల ఏండ్ల తరువాత నేనే ఎత్తినప్పుడు నవ్వి, "గుజ్రా హువా కల్‌నా, ఆనేవాలా కల్‌నా? అని ఒక్క మాట అడిగి ఉండవలసింది, భాయ్" అన్నాడు. గడచిన కల్‌నా, రాబోయే కల్‌నా అని. నిజమే. ఆ ఒక్క ప్రశ్నే నేను అడగలేదు. మీరు అడుగుతారని ఆశిస్తున్నాను.